పావడా పట్టీలో తాయెత్తు

రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఆదివారం వచ్చిందంటే చాలు, రిబ్కాకి కడుపునొప్పి. పాట నడుస్తుండగానే కొంగు దోపుకుని చర్చి వెనక గుమ్మంలోంచి జారుకునేది. నెలనెలా సరిగ్గా రొట్టె పంచే వేళకే వచ్చే ఆ నొప్పేమిటో అని తిరువూరు పేటలో ఆడవాళ్లు చెవులు కొరుక్కునేవారు గానీ, అసలు సంగతి ఒక్కరికీ అంతుపట్టలేదు.

పంతొమ్మిది వందల డెబ్బైలో ఆమె బాప్తిస్మం తీసుకుంది. నీళ్లలో దిగే ముందు ఒంటిమీది తాయెత్తులు తెంచి వాగు ఒడ్డున పడేయడం పద్ధతి. తనది తెంచింది. చంకలో ఉన్న మూడేళ్ల కొడుకు అంకారావు మొలనున్నదీ తెంచింది. పద్దెనిమిదో రోజున పిల్లవాడు జ్వరంతో పోయాడు.

"తాడు తెంచి నా మనవడి ఊపిరి తెంచావు కదే!" అంది అత్త పిచ్చమ్మ, ఇంకా మట్టి చేయకముందే.

ఆ మాటతో రిబ్కా ఏడుపు ఆగిపోయింది. చంపినదానికి ఏడ్చే హక్కేముంది? సమాధుల దొడ్డి వైపు కూడా వెళ్లలేదు.

మరుసటి ఏడు కూతురు సామ్రాజ్యం పుట్టింది. నడక వచ్చాక పిల్లకున్నవి రెండు పావడాలు. రిబ్కా గుట్టుగా ఎ.కొండూరు వెళ్లి రెండు తాయెత్తులు తెచ్చి, బొందు పట్టీల్లో చెరొకటి పెట్టి కుట్టేసింది. పావడాలు మారినా తాయెత్తులు మారలేదు. వాటిని ఉంచుకుని బల్ల ముట్టుకుంటే దేవుడు కొడతాడని భయం, తీసేస్తే పిల్ల పోతుందని భయం.

పాస్టరు దేవానందం గారు ఒకసారి నవ్వుతూ, "నీ కడుపునొప్పికి క్యాలెండరు బాగా తెలుసే, రిబ్కమ్మా" అన్నారు.

"అడగొద్దయ్యగారూ."

"అడగనులే. నిన్ను కట్టేసిందేదో ఆయన విప్పుతాడు. బల్ల ఎక్కడికీ పోదు."

డెబ్బై తొమ్మిది క్రిస్మస్ సెలవులకి సామ్రాజ్యం మిషను హాస్టలు నుంచి వచ్చింది. రిబ్కా ముందు పెట్టె వెతికింది.

"నీ పావడాలేవే?"

"పొట్టివైపోయాయి. వానాకాలంలోనే వంటమ్మ కూతురికి ఇచ్చేశా. హాస్టల్లో బట్టలిచ్చారుగా."

"ఇచ్చేశావా!"

"ఆ తర్వాత నాకు టైఫాయిడ్ వచ్చింది. పదిరోజులు సూదులు పొడిచారు. నువ్వు హడలిపోతావని నీకు కబురు చేయొద్దని వాళ్లతో అన్నా."

రిబ్కా పిల్ల ఒళ్లంతా తడిమింది. తాయెత్తు లేదు. జ్వరం వచ్చింది, పోయింది. పిల్ల ఎదురుగా జామకాయ కొరుకుతోంది.

"అయితే వాణ్ణి నేను చంపలేదా?" అంది. తొమ్మిదేళ్ల ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. పేటంతా గుమిగూడినా ఆగలేదు.

తర్వాతి బల్ల ఆదివారం కడుపునొప్పి రాలేదు. బల్ల దగ్గర రొట్టె పుచ్చుకుని, తిన్నగా సమాధుల దొడ్డికి వెళ్లింది. అక్కడ అన్నీ పిచ్చిమొక్కలు, చదునైపోయిన దిబ్బలు. ఏది తన కొడుకుదో ఆనవాలు దొరకలేదు.

"అక్కడ కాదే," అంది వెనక నుంచి పిచ్చమ్మ. కర్ర ఊతంగా పట్టుకుని ఎప్పుడొచ్చిందో. "ఆ తుమ్మ మొదట్లో. రా, చూపిస్తా."