సీలు తీసిన పెట్టెలు

బిల్డింగు కట్టే సైటుకి సరుకు రావడం అందరికీ కనిపిస్తుంది. మిగిలిన సరుకు తిరిగి వెళ్ళడం మాత్రం ఒక్కడి నెత్తిమీదే ఉంటుంది. ఆ ఒక్కడినీ అందరూ వాపసు బాబాయి అంటారు. ఇరవై రెండేళ్ళ స్టోరు కీపరు ఉద్యోగం. మోకాళ్ళు అరిగాయి, ఓపికా అంతే.

ఆయన పనితనమల్లా ఒకటే. సరుకు దించిన లారీ ఖాళీగా పోతుంటే, మిగిలినవన్నీ దాన్లోకి ఎక్కించేస్తాడు. విడిగా బండి పెడితే కిరాయే సరుకు ఖరీదుని మింగేస్తుంది మరి!

ఈ సైటు పని అయిపోవచ్చింది. ఈ సాయంత్రంతో స్టోరు మూత. అరవై పెట్టెల టైల్స్ మిగిలాయి.

"ఇవి వాపసు పోతే చాలు బాబాయ్, కొత్త సైటుకి నిన్నే తీసుకెళ్తా," అని ఇంజనీరు నాలుగు రోజుల కిందటే మాటిచ్చాడు. అరవై దగ్గరపడ్డ మనిషికి ఇంకెవరిస్తారు ఉద్యోగం? బాబాయి ఆ మాటే పట్టుకుని వేలాడుతున్నాడు.

ఊరికే కూర్చున్నాడా? కిందటిసారి పంపినవాటిలో పగిలినవి ఉన్నాయని టైల్స్ కొట్టువాళ్ళు నానా మాటలూ అన్నారు. ఈసారి ఆ మాట పడకూడదని అరవై పెట్టెలూ విప్పాడు. ఒక్కో పలకా తట్టి చూశాడు. పగిలినవి ఏరేసి, మంచివి సర్ది, టేపు వేశాడు. నడుము పట్టేసినా తృప్తిగానే ఉంది పాపం.

చివరి సరుకు దించిన కొట్టు లారీ డ్రైవరు ఆ టేపు చూడగానే తల అడ్డంగా ఊపాడు.

"సీలు తీసినవి మావాళ్ళు తీసుకోరు బాబాయ్. విప్పిన పెట్టె మళ్ళీ ఎవరికి అమ్ముతారు?"

"అన్నీ మంచివేనయ్యా! ఒక్కోటీ నేనే చూశా."

"చూడకుండా ఉండాల్సింది."

ఇన్నేళ్ళ మనిషికి ఆ మాత్రం తెలియదా అంటే, తెలుసు. భయంలో మరిచిపోయాడు. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది.

ఇంజనీరు అరవలేదు. అరిచినా బాగుండేది. "దాచడానికి చోటు లేదు, వేరే బండి దండగ. పగలగొట్టి పార్కింగులో ఉన్న గుంత పూడ్పించెయ్," అన్నాడు.

"మరి కొత్త సైటు సంగతి..."

"ఇంకేం చెప్పి తీసుకెళ్ళను బాబాయ్?" అని ఫోనులో తల దూర్చాడు.

తాపీ మేస్త్రీకి జాలేసింది. సుత్తి అందుకుని, "నువ్వు కూర్చో బాబాయ్, నేను కొడతాలే," అన్నాడు.

"ఇటియ్యి," అన్నాడు బాబాయి. "సాయంత్రం దాకా నేనింకా ఇక్కడి మనిషినే."