చిన్నాన్న తెచ్చిన ఖర్జూరాలు

నా చిన్నప్పుడు మా చిన్నాన్నంత చదువుకున్నవాడు అరకులోయ మొత్తంలో ఇంకొకడు లేడని మా చిన్నాన్న ఒక్కడే నమ్మేవాడు. మాది ముస్లిముల్లో దూదేకుల కుటుంబం. మా నాన్న కొండల మీది గూడేల నుంచి బూరుగు కాయలు కొని పరుపులూ తలగడలూ కుట్టేవాడు. నేనూ మా నానమ్మా ఆ దూదిలోంచి గింజలు ఏరేవాళ్ళం. చిన్నాన్నకు మాత్రం దూది ముట్టుకుంటే తుమ్ములు. వైజాగులో పనికని పోయి, ఏడాది తిరక్కుండానే పని మానేసి, క్రైస్తవులను వాదనలో ఎలా ఓడించాలో చెప్పే ప్రసంగాలు విని, ఆ సరుకుతో ఇల్లు చేరాడు.

ఇక అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళను ఆపేవాడు. అన్నం తిని నీళ్ళు తాగినవాడు దేవుడెలా అవుతాడని అడిగేవాడు. ఏసు వెళ్ళిపోయిన మూడు వందల ఏళ్ళకు రోము రాజుగారు పిలిచిన సభలో బిషప్పులు కూర్చుని ఆయన దేవుడేనని తీర్మానించారనేవాడు. శిలువ మీద చనిపోయింది ఆయన కానే కాదనేవాడు. ముగ్గురు ఒక్కరెలా అవుతారో లెక్కల మాస్టారు కూడా చెప్పలేడనేవాడు. సంతకు పసుపు మోసుకొచ్చిన కొండవాళ్ళు తట్టలు దించకుండానే అంతా విని, మర్యాదకు తలూపి పోయేవారు. వాళ్ళు జవాబు చెప్పకపోతే తను గెలిచినట్టు. ఆ లెక్కన మా మేక కూడా రోజూ గెలిచేది. అదీ అరిచేది, దానికీ ఎవరూ జవాబు చెప్పేవారు కాదు.

ఆ వానాకాలం, మాకు బూరుగు కాయలు తెచ్చే కొండ రైతు ఒకాయన నిండు చూలాలైన తన భార్యను మా ఇంట్లో దింపి వెళ్ళాడు. వాళ్ళు క్రైస్తవులు. వాళ్ళ గూడేనికి బండి దారి లేదు, ఆసుపత్రేమో మా వీధి చివరే ఉంది. మొదటి కాన్పుకు ఆమెను డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే బిడ్డ పోయిందట. అందుకని ఈసారి ముందుగానే దించారు.

ఆమెను చూడగానే చిన్నాన్నకు ప్రాణం లేచొచ్చింది. లేచి వెళ్ళలేని శ్రోత దొరికింది కదా. పొద్దున గంజి దగ్గరా, మధ్యాహ్నం అన్నం దగ్గరా అదే గోల. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, మీరు చెప్పేదే నిజమైతే శిలువ మీద తనను తాను కాపాడుకోలేనివాడు నీ బిడ్డనేం కాపాడతాడు అన్నాడు.

ఆమె సగం అన్నంలో లేచి, చెయ్యి కడుక్కుని, లోపలికి వెళ్ళి బట్టలు మూట కట్టుకుంది. పొద్దుటి నుంచే నడుం పట్టుకుని ఆగి ఆగి నడుస్తోంది. ఆ వానలో కొండెక్కితే తల్లీ బిడ్డా దక్కరని చిన్నపిల్లనైన నాకే అర్థమై భయం వేసింది. చిన్నాన్న మాత్రం మీసం దువ్వుకున్నాడు. ఇంకో గెలుపు.

నానమ్మ ఆమెకు అడ్డం పోలేదు, కొడుకును తిట్టనూ లేదు. గుమ్మంలో చతికిలబడి, "ఒరే, ఇంత సదివినావు కదా. మరియమ్మకి నొప్పులొచ్చినప్పుడు ఏటి సేసిందో ఈ గుంటకి సెప్పు. ఇనీసి ఎళ్తాది" అంది.

చిన్నాన్న గొంతు సవరించుకుని రాజుగారి సభ దగ్గర మొదలుపెట్టాడు.

"సభ కాదురా, నొప్పులు" అంది నానమ్మ.

అతనికి తెలియదు. అవతలివాళ్ళ పుస్తకంలో తప్పులన్నీ వల్లె వేసినవాడికి, తన ఖురానులో ఏసు తల్లి మరియం పేరుతోనే ఉన్న అధ్యాయంలో ఏముందో తెలియదు. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత.

నానమ్మే చెప్పింది. నొప్పులు ఎక్కువై మరియమ్మ ఒక ఖర్జూరం చెట్టు మొదలు పట్టుకుందట. ఇంతకుముందే చచ్చిపోయినా బాగుండేదని ఏడ్చిందట. దిగులు పడకు, నీ పాదాల దగ్గరే ఊట ఉంది, చెట్టు కుదుపు, పళ్ళు రాలతాయి, తిని నీళ్ళు తాగు అని ఒక గొంతు వినిపించిందట.

ఆమె మూట చంకలో పెట్టుకునే వింది. "పక్కన ఆయమ్మ పెనిమిటి యోసేపు నేడా? మా బైబిల్లో పశువుల పాకలో తోడున్నాడు" అని అడిగింది.

"మా దాంట్లో ఎవులూ నేరు. ఒక్కర్తే."

"అయ్యో, ఒక్కర్తేనా" అంది. ఆమె కళ్ళు నిండాయి. ఏసయ్య దేవుని కొడుకని మీరు ఒప్పుకోరు కదా అని మెల్లగా అడిగింది.

నానమ్మ బుజ్జగించడానికి అబద్ధం ఆడలేదు. "ఒప్పుకోం. ప్రవక్త అంతాం. మీరు కొడుకంతారు. ఆయమ్మకి నొప్పులొచ్చాయని ఇద్దరం ఒప్పుకుంతాం. నువ్వు ఒక్కర్తివి కావు, ఓలమ్మీ. మూట దించు."

ఆమె మూట దించింది. నానమ్మ కొడుకు వైపు తిరిగి, బేగి ఎళ్ళి ఖర్జూరాలు పట్టుకురమ్మంది. మహాపండితుడు తువ్వాలు నెత్తిన వేసుకుని వానలో కిరాణా కొట్టుకు పరిగెత్తాడు. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది, తల్లి బుగ్గన ఖర్జూరం ముక్క ఇంకా కరగనే లేదు. చిన్నాన్న తన మతానికి జన్మంతా కలిపి చేసిన సేవ ఆ తడిసిన పొట్లం ఒక్కటే.

ఇప్పుడు ఇలాంటి చిన్నాన్నలు ఫోన్ల నిండా ఉన్నారు. మావైపూ ఉన్నారు, అటువైపూ ఉన్నారు, మైకు తేడా తప్ప గొంతులో తేడా లేదు. మొన్న నా మనవడు అలాంటి వీడియో ఒకటి చూపించి, చూడు నానమ్మా, పాస్టరు నోరు ఎలా మూయించాడో అని మురిసిపోయాడు. మా నానమ్మ నుంచి నాకు మిగిలిన ఆస్తి ఒక్క ప్రశ్న. అదే అడిగాను. వాడు ఫోనులో వెతకబోయాడు.

ఫోను నా కొంగున ముడేసుకుని, ఖర్జూరాలు తెస్తే చెబుతానన్నాను. బయట వాన పడుతోందన్నాడు. పడనీ అన్నాను. గొడుగు ఇవ్వలేదు.