బ్లూ-రే గెలిచిన వారం

మండపేట చుట్టుపక్కల పదిహేనేళ్ళు పెళ్ళి వీడియోలు తీశాను. వందలమంది పెళ్ళికూతుళ్ళని కెమెరాలోంచే అత్తారింటికి సాగనంపాను. మా ఆవిడ మాత్రం ఆ కెమెరాకి ఒకే ఒక్కసారి దొరికింది. అదీ వాళ్ళ తమ్ముడి పెళ్ళిలో, ఓ మూడు నిమిషాలు. అరుగు మీద మల్లెపూలు కడుతూ తలెత్తి చూసి నాతో ఏదో అంది, నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండా పచ్చకామెర్లతో పోయింది. అప్పటికి మా అమ్మాయికి ఏడాదిన్నర.

అమ్మాయికి ఎనిమిదేళ్ళొచ్చాక అడగడం మొదలుపెట్టింది. ఫోటోలో అమ్మ ఎలా ఉంటుందో దానికి తెలుసు. మాట్లాడితే ఎలా ఉంటుందో తెలియదు. "ఆ క్యాసెట్టు ఒక్కసారి వెయ్యి నాన్నా, చూసి ఊరుకుంటాను" అనేది. నేను వెయ్యలేదు. పాత టేపు తిప్పినకొద్దీ పూత రాలిపోతుంది. ఇక తిప్పితే ఒక్కసారే తిప్పాలి, ఆ ఒక్కసారిలోనే ఎప్పటికీ చెడని డిస్కు మీదికి ఎక్కించెయ్యాలి. అదీ నా పట్టుదల.

అప్పట్లో మామూలు డివిడి స్థానంలోకి రావాలని రెండు కొత్త డిస్కులు కొట్టుకుంటున్నాయి. ఒకటి హెచ్.డి. డివిడి, ఇంకోటి బ్లూ-రే. నాది బ్లూ-రే పక్షం. రాజమండ్రిలో నా పెళ్ళిళ్ళన్నీ ఎడిటింగ్ చేసి పెట్టే మిత్రుడిది రెండో పక్షం. విచిత్రమేమిటంటే మా ఇద్దరిలో ఎవ్వరూ ఆ రెండు డిస్కుల్లో ఒక్కదాన్నీ కళ్ళతో చూడలేదు. నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకున్న కాగితాలు ముందేసుకుని, ఆయన ఏసీ గదిలో పూటల తరబడి వాదించుకునేవాళ్ళం.

మాదాన్లో రెండు పొరలకి యాభై జీబీ పడుతుంది, మీదాన్లో ముప్ఫై దగ్గరే ఆగిపోతుంది అనేవాణ్ణి. పడితే పడిందండి, మీ బ్లూ-రేలో సమాచారం ఉన్న పొర పైకే ఉంటుంది, గోరు తగిలితే పోతుంది, మాది డివిడిలాగే మధ్యలో భద్రంగా ఉంటుంది అనేవాడాయన. రెండిటికీ వాడేది అదే నీలి లేజరు, బొమ్మని కుదించే పద్ధతులూ అవే, కంటికి తేడా ఏం తెలుస్తుందని మళ్ళీ ఆయనే. ఒకరోజు తింటున్న భోజనం వదిలేసి, విసురుగా లేచి బస్సెక్కేశాను. ద్వారపూడి దాటాక బస్సులోంచే ఫోన్ చేసి, పైన గట్టి పూత వేస్తున్నారు, గీతలు పడవు, తెలుసుకుని మాట్లాడండి అని పెట్టేశాను. అదండీ నా తెలివి.

ఒక్కసారి మాత్రం ఆయన కాగితాలు పక్కన పెట్టేశాడు.

"ఏవండీ, మీ క్యాసెట్టులో ఉన్నదే రెండొందల నలభై లైన్లు. దానికి మామూలు డివిడీయే ఎక్కువ. రేపు పట్టుకురండి, భోజనాల వేళకి ఎక్కించి ఇచ్చేస్తాను. పాపకి చూపించండి."

"మా ఆవిణ్ణి బజారు డిస్కులో పెట్టమంటారా?" అన్నాను.

ఆయన మళ్ళీ చాన్నాళ్ళు ఆ ఊసెత్తలేదు. మేం తిరిగి జీబీల్లోకి వెళ్ళిపోయాం. ఇప్పుడు దాచుకోవడం దేనికి, నాకు భయం. ఆవిడ ఆ తెర మీద తలెత్తి నా వైపు చూస్తే తట్టుకోలేనని భయం. డిస్కుల గొడవ తేలేదాకా ఆ టేపు వెయ్యక్కర్లేదు కదా. దాని చాటున దాక్కున్నాను, పిల్లచేత అడిగించుకుంటూ.

క్యాసెట్టుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రెండు ముళ్ళు బిగించి, బీరువాలో ఆవిడ పెళ్ళి పట్టుచీర మడతల్లో దాచాను. ఆ ఏడాది గోదావరి పెద్దగా వచ్చింది. ఇంట్లోకి నీళ్ళు రాలేదుగానీ గోడలన్నీ చెమ్మ. చెప్పులు కూడా బూజు పట్టాయి. నీళ్ళు తీశాక చీరలన్నీ ఎండలో వేశాను. కవరు మాత్రం విప్పలేదు. విప్పితే చెమ్మ లోపలికి పోతుందనుకున్నాను.

రెండేళ్ళకి వార్త వచ్చింది. హెచ్.డి. డివిడిని నెత్తికెత్తుకున్న కంపెనీయే చేతులెత్తేసింది. వెంటనే మిత్రుడికి ఫోన్ చేసి ఎగిరాను. అంతా విని, "గెలిచారు కదండీ, ఇప్పుడన్నా తీసుకురండి" అన్నాడు.

ఆ ఆదివారం అమ్మాయిని కూడా తీసుకెళ్ళాను. పొద్దున్నే లేచి తలంటుకుంది. బస్సులో కవరు నా చేతికివ్వకుండా ఒళ్ళోనే పెట్టుకుంది. గదిలో ముళ్ళు ఆయనే విప్పాడు. క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద, పాడైన ఊరగాయ మీద పట్టినట్టు తెల్లటి బూజు. ఆయన నా మొహం చూడలేదు. క్యాసెట్టు మరలు విప్పి, దూదీ స్పిరిటూ తీసుకుని జానెడు జానెడు తుడుచుకుంటూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. వేశాడు. చుక్కలు, అడ్డగీతలు, గరగరమని చప్పుడు. అంతలో టేపు లోపల చుట్టుకుని తెగింది. అతికించి మళ్ళీ వేశాడు. మళ్ళీ తెగింది. తుడిచిన దూది నిండా గోధుమరంగు పొడి. ఆ పొడే మా ఆవిడ.

బ్లూ-రే డిస్కు రాసే మిషను ఆ గదిలో అప్పటికీ లేదు. ఉన్నా దాని మీదికి ఎక్కించడానికి ఏమీ మిగల్లేదు.

తిరుగు బస్సులో అమ్మాయి ఏడవలేదు. ద్వారపూడి దాటాక నా వైపు తిరిగింది.

"పోనీ, అమ్మ అందులో ఏమందో నువ్వు చెప్పు నాన్నా."

లైటు ఎటువైపు పెట్టానో గుర్తుంది. బ్యాటరీ అయిపోవస్తోందని గుర్తుంది. రంగులు తేడా రాకుండా, ఆవిడ ఒళ్ళోని మల్లెపూలకి గురిపెట్టి కెమెరాలో తెలుపు సరిచేశాను, అదీ గుర్తుంది. ఆవిడ నాతో అన్న మాట గుర్తులేదు. టేపులో ఉందిలే అని ఆ మాటని గుర్తుపెట్టుకోలేదు నేను. గుర్తులేదమ్మా అని చెప్పాను.

"ఏదో ఒకటి చెప్పు. నేను నమ్ముతాను" అంది.

రెండేళ్ళు ఆ ఏసీ గదిలో నోరు నొప్పి పుట్టేలా మాట్లాడినవాణ్ణి. మండపేటలో బస్సు దిగేదాకా నాకు ఒక్క మాట దొరకలేదు.