ప్లగ్గు పీకే మేడం

నేను రాసిన ప్రోగ్రామును విజయ మేడం పక్కన పడేశారు. ఎందుకో ఒక్క ముక్క చెప్పలేదు.

ఉప్పల్లో మా అపార్ట్‌మెంటు మెట్ల కింద, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నీళ్ల మోటారును నడిపే డబ్బా ‘టక్కు’మంటుంది. ట్యాంకు ఎంత నిండితే ఆగాలో, బోరు ఎండితే ఎంతసేపు ఆగాలో దానికి అన్నీ గుర్తే. ఆవిడ కంపెనీ డబ్బాయే. ఆ చప్పుడు వింటే ఒళ్లు మండుతుంది.

నాచారంలో ఆవిడ షెడ్డులో నేను వైరింగు చేసేవాణ్ణి. చదువు పదితో ఆగింది. ప్రోగ్రాములు రాయడం పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను. అది చూసి, “డబ్బా యాది పెట్టుకునేది నువ్వే రాయన్నా” అన్నదీ ఆవిడే, అంటే సెట్టింగులు గుర్తుంచుకునే ప్రోగ్రాము. గోరంత చిప్పులో వాటి పేర్లు రాస్తే చోటు చాలదు. అందుకని ఒక్కో సెట్టింగుకు ఒక అంకె, దాని పక్కనే విలువ, అలా జంటలుగా దాచాను. విలువ మారితే పాతది చెరిపి అక్కడే కొత్తది రాయాలి. మేడం సేవ్ బటన్ నొక్కి, ఆ వెంటనే గోడకున్న ప్లగ్గు పీకేశారు. మళ్లీ పెడితే డబ్బాకు పాత విలువా గుర్తులేదు, కొత్తదీ గుర్తులేదు.

“ఏందన్నా, పాతది తుడిసినవ్. కొత్తది రాయకముందే కరెంటు పాయె. ఇగ దీనికేం మిగిలింది?”

“సరిగ్గా అప్పుడే ఎవరు పీకుతారు మేడం?”

“నాచారంల కరెంటు నిన్నడిగి పోతదా?”

షెడ్డంతా నవ్వింది. ఉక్రోషంతో మళ్లీ రాశాను. ఈసారి పాత జంట జోలికి పోలేదు. ఖాళీ చోట కొత్త జంట రాసి, అది పూర్తయిందని గుర్తు పెట్టాకే డబ్బా దాన్ని నమ్మాలి. లేదంటే పాతదే చెల్లుతుంది. ఆవిడ రోజంతా పీకుతూనే ఉన్నారు. డబ్బా ఒక్కటీ మరిచిపోలేదు. శభాష్ అంటారనుకున్నాను. “ఉండనియ్, సూద్దాం” అని నా ప్రోగ్రాము ఎక్కించిన బోర్డును అరలో పెట్టేశారు. వారం తిరక్కుండా ఘట్‌కేసర్ కాలేజీలో చదివిన ఇద్దరు ఇంజినీర్లు దిగారు, ప్రోగ్రాము కొత్తగా రాయడానికట! నేను అలిగి మానేశాను.

ఇన్నేళ్లయినా, ఎవరి ఫోన్ నంబరు మారినా, కొత్తది మోగేదాకా పాతది చెరపను. ఆ పీకుడు నేర్పిన బుద్ధి అది. కోపాన్నీ అలాగే చెరపలేదు.

మొన్న రైతుబజారులో మేడం ఎదురుపడ్డారు. తల నెరిసింది. బాగున్నారా అని కూడా అడగలేదు నేను. “మా మెట్ల కింద మీ డబ్బా టక్కుమన్నప్పుడల్లా కడుపు రగిలిపోతోంది. నా ప్రోగ్రాము ఎందుకు పడేశారు?” అన్నాను. ఆవిడ వంకాయలు ఏరడం ఆపలేదు.

“పడేసుడేంది? ఆ ఇంజినీరు పిల్లలు డబ్బా తెర మీది రాతలు మార్చిన్రు, గంతే. యాది పెట్టుకునేదంత నువ్వు రాసిందే. నువ్వేమో అడగకుండ అలిగి పోతివి. మీ మెట్ల కింద డబ్బా ఎన్నడన్న మర్చిపోయిందా, అన్నా?”