ఏనుగు కనిపించిందా అనే గడి

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, రాగి చేలు వెన్ను వేసే రోజుల్లో, నన్ను కృష్ణగిరి జిల్లాలో వేప్పనపల్లి వైపున్న ఒక రేంజికి బదిలీ చేశారు. రేంజంటే కొన్ని బీట్ల అడవి. బీటుకొక గార్డు, వాళ్లందరి మీద రేంజరు. ఆ రేంజర్ని నేను. అడవి అంచు పల్లెలో సందర్శకుల నడక మొదలుపెట్టమన్నారు. పల్లెవాళ్లే దారి చూపాలి, ఆ మనుషుల్ని పల్లే ఎంచుకోవాలి, రాబడి వాళ్లకే చెందాలి. అడవి వల్ల నాలుగు మెతుకులు దొరికితే ఏనుగు మీద కోపంతో చేను చుట్టూ కరెంటు తీగ కట్టరని ఆలోచన. అది సరైన ఆలోచనేనని ఇప్పటికీ అంటాను.

చెడగొట్టింది నేను. నాకు పుట్టుకతోనే తొందర. నెలనెలా పై ఆఫీసుకు నివేదిక పోవాలి, అందులో చూపించడానికి ఏదో ఒకటి కావాలి. నడక రిజిస్టరులో ఒక గడి గీశాను: ఏనుగు కనిపించిందా? అవును, కాదు. ఎవరికి ‘అవును’లు ఎక్కువైతే మరుసటి వారం నడకలు వాళ్లకే. భలే ఉపాయమని నన్ను నేనే మెచ్చుకున్నాను.

దారి చూపేవాళ్లలో నాగమ్మ అనే ఆమె పేరుకెదురుగా వరసగా అవునులే. అంతకుముందు ఆమె హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి చీకటితోనే బస్సెక్కేది. నడకలొచ్చాక అది మానేసి, ఊళ్లోనే ఉండి కూతుర్ని బడికి పంపుకుంటోంది. ఈ పని పోతే మళ్లీ ఆ బస్సే గతి.

కోతలు ముగుస్తున్న ఒక ఉదయం ఆమె నడక వెంట నేనూ పోయాను. అందరి చేలూ కోసేశారు. అడవిని ఆనుకున్న నాగమ్మ చేను మాత్రం పండి, వెన్నులు వంగి అలాగే ఉంది. సందర్శకులు కాస్త ముందుకు పోయాక, ఎందుకు కోయలేదని అడిగాను. ఆమె దాచలేదు.

“కోసేస్తే అది ఈడికెందుకొస్తాది సార్? రాలేదని రాస్తే నాకు పని యాడుంటాది?”

ఆ క్షణమే కోసెయ్యమని చెప్పాల్సింది. అయితే ఆదివారం మా పై అధికారి నడకకు వస్తానన్నారు. ఆయనకు ఏనుగు కనబడాలని నా కక్కుర్తి. సోమవారం కోసెయ్యమన్నాను. ఇక ఆ నాలుగు రోజులూ కాలు ఒకచోట నిలవలేదు. రెండు పూటలా జీపులో ఆ చేను దాకా పోయి వచ్చేవాణ్ణి.

శనివారం పొద్దు పొడిచే వేళకు ఏనుగుల మంద దిగింది. నాగమ్మ చేను మేసి ఊరుకోలేదు. పక్కన గోవిందప్ప ఏడాది తిండికని వేసుకున్న రాగి కుప్పను చిందరవందర చేసి తొక్కేసింది.

పల్లెవాళ్లంతా కూడి నాగమ్మను నానా మాటలూ అన్నారు. నేను లేచి, గడి గీసింది నేనని, సోమవారం దాకా ఆగమన్నదీ నేనేనని చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. గోవిందప్ప పెద్దవాడు, గొంతు కూడా పెంచలేదు.

“నువ్వు చెప్పేది నిజమే సార్. నిన్ను తీసేసేది మా చేతిలో లేదు కదప్పా. ఆయమ్మను తీసేసేది ఉంది.”

తీసేశారు.

నేను గడి కొట్టేసి, నడకలు వంతులవారీగా ఇచ్చాను. ఏనుగులు అంచున ఉన్న రోజు నడక ఆపి, దారి చూపేవాళ్లు చేలవాళ్లకు కబురు చెప్పాలి. కూలి ఆ రోజూ ఇవ్వాలి. ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది, చేలకు మేలూ చేస్తోంది. నాగమ్మను మళ్లీ తీసుకోమని రెండుసార్లు అడిగాను. పల్లె ఒప్పుకోలేదు.

పల్లె బతుకు కోసం పెట్టిన పనికి కొలత పెట్టే ముందు, ఆ కొలత నిండాలంటే వాళ్లు ఏం చేయాల్సి వస్తుందో అడగాలి. నేను అడగలేదు. పని పోయింది మాత్రం నాగమ్మకు. నేను పదవీకాలం పూర్తిచేసుకుని, పూలదండ వేయించుకుని మత్తిగిరిలో మా ఇంటికి వచ్చేశాను.