ఒక్క పేజీలో వెంకన్న

ఉప్పాడ పల్లంరాజుకి కోపమే రాదని వాళ్ళ వాడలో అందరూ అనేవారు. ఎందుకు రాదూ? రోజూ వచ్చేది. పోస్టుమేన్ సైకిలు తమ ఇంటి ముందు ఆగకుండా వెళ్ళిపోయినప్పుడల్లా వచ్చేది. కాకపోతే దాన్ని లోపలికి మింగేసి, కాకినాడ బస్సెక్కి, హార్బరు పక్కనున్న ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తా పనికి పోయేవాడు.

ఆ గుమాస్తా నవల రాశాడు. నవ్వకండి, నిజంగానే రాశాడు. పదో తరగతితో చదువు ఆగింది గానీ చదవడం ఆగలేదు. కాకినాడ లైబ్రరీలో అనువాద నవలలు, లారీ డ్రైవర్లు ఫ్యాక్టరీలో పారేసిపోయిన వారపత్రికలు, ఏది దొరికితే అది నమిలేసేవాడు. ఆ కథల్లో రైతులున్నారు, డాక్టర్లున్నారు, లెక్చరర్లున్నారు. సముద్రం మీద వేటకెళ్ళే మనిషి ఎప్పుడైనా కనపడితే మాత్రం, వాడు రెండో పేజీలో తాగి మూడో పేజీలో మునిగిపోయేవాడు. "వీళ్ళ మొహాలు మండ! ఒక్కడైనా పడవెక్కి చూశాడా?" అని విసుక్కుని, తనే కలం పట్టాడు.

నవల వాళ్ళ నాన్న వెంకన్న గురించి. పల్లంరాజు పసివాడుగా ఉండగా వేటకెళ్ళిన వెంకన్న మళ్ళీ తిరిగి రాలేదు. ఒక్క ఫోటో అయినా లేదు. ఆయన కట్టిన ఇల్లుండేది, దాన్నీ సముద్రం కోసుకుపోయింది. ఆ మనిషి ఒకప్పుడు ఉన్నాడనడానికి మిగిలిందల్లా ఆయన భార్య సుబ్బాయమ్మ నోటి మాటలే. ఎలా నవ్వేవాడో, పులుసులో కారం తగ్గితే ఎలా గొణిగేవాడో, పెళ్ళాం అలిగితే గుమ్మం బయట నిలబడి ఎలా దగ్గేవాడో ఆవిడే చెప్పాలి. తల్లి చెప్పిన ఆ ముక్కలన్నీ ఏరి, కొడుకు నవల చేశాడు. నాన్నని అచ్చులో చూడాలి, అమ్మ అది వినాలి. వాడి కోరికల్లా అదొక్కటే.

వినడానికి ఏర్పాటు ఇంట్లోనే ఉంది. పల్లంరాజు భార్య రాణి ప్రతి గురువారం సాయంత్రం అరుగు మీద కూర్చుని వారపత్రికలో సీరియల్ బిగ్గరగా చదివేది. వాడలో ఆడవాళ్ళంతా ఎండుచేపలు ఏరుకుంటూ వినేవారు. సుబ్బాయమ్మది ముందు వరస. కథలో విలన్‌ని ఆవిడ తిట్టే తిట్లు చెవిన పడితే, రాసినవాడు ఊరొదిలి పారిపోయేవాడు.

ఆ పత్రికకే నవల పంపాడు. స్వంత రచనే, అనువాదం కాదు, మరెక్కడా పరిశీలనలో లేదు అని హామీ పత్రం జతచేసి మరీ పంపాడు. కొన్నాళ్ళకి కార్డొచ్చింది. నవల నచ్చిందట, వీలు వెంబడి ప్రచురిస్తారట.

ఇదిగో, మనవాడి ఘనకార్యం ఇక్కడ మొదలైంది. నవల సంగతీ, కార్డు సంగతీ ఎవరికీ చెప్పలేదు. పెళ్ళానికి చెప్పలేదు, తల్లికి చెప్పలేదు. ఎప్పుడు వేస్తారండీ అని పత్రికవాళ్ళనీ అడగలేదు. ఎందుకంటే వాళ్ళింట్లో ఒక పట్టింపు ఉంది. పడవ నీళ్ళ మీద ఉండగా ఏం పడింది, ఎప్పుడొస్తారు అని నోటితో అనకూడదు. అంటే వల ఉత్తదే వస్తుందని భయం. చిన్నప్పుడు ఒకసారి అలా అడిగి తల్లిచేత చెంపదెబ్బ కూడా తిన్నాడు. సరే, వేటకి సంబంధించిన పట్టింపు వేటకుంటుంది. దాన్ని మోసుకుపోయి ఎక్కడో హైదరాబాదులో ఉన్న పత్రికాఫీసుకి తగిలించే మహానుభావుణ్ణి ఎక్కడైనా చూశారా?

రాణి చదువుతుంటే వాడి చెవి ఎప్పుడూ అటే. ఈ వారం కొత్త సీరియల్ ప్రకటన ఉంటుందేమో, అది తనదేమో. ఉండేది, ఇంకొకరిది. అదీ అయిపోయేది, మళ్ళీ ఇంకొకరిది మొదలయ్యేది. హామీ ఇచ్చాడు కనక నవలని మరో పత్రికకి పంపడానికి లేదు. ఈలోగా సముద్రం రోడ్డుని తినేస్తున్న వైనం మీద కథలు రాశాడు. అవి పంపినవి పంపినట్టు తిరిగొచ్చాయి. పోతే పోనీ, నవల ఉందిగా అనుకున్నాడు. అలా ఏళ్ళు దొర్లిపోయాయి. ఒక గురువారం అసలు పత్రికే రాలేదు. కనుక్కుంటే మూసేశారన్నారు.

ఆ తర్వాత రాజమండ్రిలో ఏదో సాహిత్య సభకి వెళితే, ఆ పత్రికలో సబ్ ఎడిటర్‌గా చేసినాయన తగిలాడు. పల్లంరాజు పేరు చెప్పగానే ఆయన గుర్తుపట్టాడు.

"అయ్యో, మీరాండీ! ఎంత బాగుందండీ మీ నవల! రెండుసార్లు వేద్దామని బయటికి తీశాం. ఆ టైములో ఇంకొకాయన రోజు విడిచి రోజు ఫోన్ చేసి మా ప్రాణం తీసేవాడు. పీడా వదులుతుందని ఆయనది వేసేశాం. మీరేమో ఉలుకూ పలుకూ లేదు. ఒక్క ఫోన్ కొట్టుంటే మీదే వేసుండేవాళ్ళమండి."

పల్లంరాజుకి తల గోడకేసి బాదుకోవాలనిపించింది. ఆయన ఇప్పించిన టీ కూడా తాగకుండా బస్సెక్కేశాడు. ఇంటికొచ్చీ రాగానే, ఇన్నేళ్ళూ మింగిన కోపమంతా తల్లి మీద కక్కాడు.

"అంతా నీ వల్లేనే అమ్మా! అడక్కూడదు, అనకూడదు అని చిన్నప్పట్నించీ చావగొట్టావు. నేను అడక్కపోబట్టే అయ్య మీద రాసిన నవల మూలపడి చచ్చింది!"

ఏం నవలో, ఏం అడగడమో సుబ్బాయమ్మకి ముందు అర్థం కాలేదు. అంతా విన్నాక నోటి మీద చెయ్యేసుకుంది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉందిరా! నోటితో అనకూడదన్నాను గానీ ఇంట్లో ముడుచుకుని కూకోమన్నానా? మీ అయ్య వేటకెళితే నిన్ను చంకనేసుకుని పోయి ఒడ్డున నుంచునేదాన్ని. ఎండనక వాననక నుంచునేదాన్ని. పోయి చూసుకోడం తప్పని నీకెవరు చెప్పార్రా?"

"నాకైనా ఒక్క ముక్క చెప్పావా మావా?" అని రాణి మూతి ముడుచుకుంది.

ఆ ఉక్రోషంలోనే మర్నాడు ఎస్టీడీ బూత్‌కి పోయి ఇంకో వారపత్రికకి ఫోన్ చేశాడు. ఈసారి మొహమాటం లేకుండా అడిగేశాడు. "నవలుందండి. పంపితే ఎప్పుడు వేస్తారండి?"

"సీరియల్స్ ఎత్తేశామండి. టీవీలొచ్చాక ఎవరు చదువుతున్నారు చెప్పండి? ఒక పేజీ కథలు వేస్తున్నాం. అదే కథ ఒక్క పేజీలో చెప్పగలరేమో చూడండి. బొమ్మకి కూడా చోటుంచాలి సుమండీ."

ఫోన్ పెట్టేసి, నడిరోడ్డు మీద నిలబడి తిట్టాడు. పత్రికల్ని తిట్టాడు, టీవీని తిట్టాడు, ఆ బొమ్మ వేసేవాణ్ణి కూడా వదల్లేదు. తిట్టి తిట్టి ఇంటికొచ్చి, తన దగ్గరున్న చిత్తుప్రతి ముందేసుకుని కత్తిరించడానికి కూర్చున్నాడు. ఏం చేస్తాడు మరి? ఇంకో దారుంటే మీరు చెప్పండి.

పెళ్ళి తీసేశాడు. అలకలు తీసేశాడు. పులుసూ కారమూ తీసేశాడు. నవ్వు కొట్టేసేటప్పుడు ఏడుపొచ్చింది, అయినా కొట్టేశాడు. ఇంకా రెండు లైన్లు ఎక్కువయ్యాయి, గుమ్మం బయట దగ్గు కూడా పోయింది. చివరికి ఒక పడవ, ఒక తుపాను, ఒడ్డున ఎదురుచూసే ఒక ఆడమనిషి మిగిలాయి. పంపాడు. వారం వారం ఫోన్ చేసి పీక్కుతిన్నాడు. వేశారు.

ఆ రోజు అరుగు మీద చోటు చాల్లేదు. సుబ్బాయమ్మ తలకి నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని ముందు కూర్చుంది. రాణి గొంతు సవరించుకుని రచయిత పేరు చదవగానే ఆడవాళ్ళంతా ఒకటే గోల. తర్వాత కథ చదివింది. వెనకాల ఒకావిడ ఇంకా పీట సర్దుకుంటూనే ఉంది, కథ అయిపోయింది.

"అదేంటి, అంతేనా?" అందావిడ.

సుబ్బాయమ్మ కోడలి చేతిలోంచి పత్రిక తీసుకుంది. చదవడం రాకపోయినా ఆ పేజీని పైనుంచి కిందిదాకా వేలితో తడిమింది. తిప్పి వెనక పేజీ చూసింది. అక్కడ సబ్బు ప్రకటన ఉంది.

"బాగుందిరా," అంది. "మరి మీ అయ్యేడీ?"