మిస్సయిన బిళ్ళలకు డబుల్ లోడ్

రాయపూర్‌లో సరుకు దింపి మా ఊరు సాలూరు వచ్చిన రోజు నా ఎడమ పిక్క సొరకాయలా ఉబ్బింది. ముట్టుకుంటే వేడి. నేను లారీ డ్రైవర్ని, ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టేసినవాణ్ణి. మా బావ అప్పన్న కూడా డ్రైవరే. బండికంటే నోరు ఎక్కువ నడుపుతాడు.

"నరం పట్టేసినాదిరా బామ్మర్దీ, ఆముదం రాసి పిసికితే సాలు," అని పిసికేశాడు కూడా.

మా ఆవిడ పైడమ్మ వాపు చూసింది. "అన్నయ్యకి ఇంజన్ ఆయిలు తెలుస్తాది గాని రగతం తెలుస్తాదేటి? లెగు," అని విజయనగరం ఆసుపత్రికి లాక్కుపోయింది.

కాలికి డాప్లర్ స్కాన్ తీశారు. "కాలి సిరలో రక్తం గడ్డకట్టింది, డీవీటీ. పిసికిన మహానుభావుడెవరు? ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కడు," అంది డాక్టరమ్మ. మా వెంట వచ్చిన బావ గోడమీద క్యాలెండర్ శ్రద్ధగా చదువుతున్నాడు.

పొట్టమీద హెపారిన్ ఇంజక్షన్లు, తోడుగా రోజుకో వార్ఫరిన్ బిళ్ళ. బిళ్ళే గడ్డను కరిగిస్తుందనుకున్నాను. "కరిగించదు. ఉన్నది పెరగకుండా, కొత్తది కట్టకుండా ఆపుతుంది. కరిగించుకునేది మీ ఒళ్ళే," అంది డాక్టరమ్మ. ఐఎన్ఆర్ అనే పరీక్షలో నాకు రెండుకీ మూడుకీ మధ్య రావాలి. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం.

రెండు నెలలకు మళ్ళీ స్టీరింగ్ పట్టాను. ఎనిమిది రోజుల ట్రిప్పుకి పోతూ బిళ్ళలు ఇంట్లో మర్చిపోయాను. తిరిగొచ్చాక డాక్టరమ్మ తిడుతుందని ఫోన్ చెయ్యలేదు. ఎవర్నడిగాను? బావని.

"ఏటుందిరా? ఖాళీగా పోయిన బండికి తిరుగు ట్రిప్పులో డబుల్ లోడ్ ఎక్కించమా? రోజుకి రెండేసి మింగు, సరిపోతాది."

నాకది మహా తెలివిగా తోచింది. ఘాట్‌లో బ్రేకులు పోయేదాకా ఓవర్‌లోడ్‌ని సామర్థ్యం అనుకునే జాతి మాది. రెండేసి మింగడం మొదలెట్టిన ఏడో రోజు పళ్ళు తోముకుంటే చిగుళ్ళ రక్తం ఆగలేదు. ఎనిమిదో రోజు విరేచనం తారులా నల్లగా అయింది. లేవబోయి పడిపోయాను.

మళ్ళీ విజయనగరం ఆసుపత్రి. ఐఎన్ఆర్ తొమ్మిది.

"రెండేసి వేసుకోమని ఎవరు చెప్పారు?"

"మా బావండి."

"ఏం చదివారు?"

"లారీల వెనకాల రాసినవన్నీ చదివాడండి."

డాక్టరమ్మ నవ్వలేదు. "పోయిన బిళ్ళ పోయినట్టే. ఇది మింగిన పూటే పనిచేసేది కాదు, రెండు మూడు రోజులకు గానీ రక్తంలో తెలియదు. అది తెలిసేలోపు మీరు మీద మీద ఎక్కిస్తూ పోయారు."

బిళ్ళ ఆపి విటమిన్ కె ఇచ్చారు, రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఒక సీసా బావ ఇచ్చిందే. ఎక్కించేముందు ఆ రక్తానికి అన్ని టెస్టులూ చేశారట, తెలివితక్కువకి మాత్రం టెస్టు లేదట.

"నాను మంచికే సెప్పాను, నీ ఒంటికి పడలేదంతే," అన్నాడు మంచం పక్కన కూర్చుని.

"అన్నయ్యా, నీ మంచి ఇంకోపాలి మా గడప తొక్కితే ఈపాలి రగతం నీకు కారతాది," అంది పైడమ్మ.

ఇప్పుడు పార్వతీపురం దాటి బండి తోలను. బిళ్ళ మళ్ళీ రోజుకొకటి మొదలెట్టారు, నెలనెలా ఐఎన్ఆర్ చూపించుకుంటాను. ఈ బిళ్ళ వేసుకునేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. మర్చిపోయింది ఆ రోజే గుర్తొస్తే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే దాన్ని వదిలేసి, ఆ రోజుది ఒక్కటే వేసుకోండి. వరసగా పోతే ఎన్ని పోయాయో డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పండి. మహా అయితే తిడతారు. ఆ తిట్లకు భయపడే నేను బావ దగ్గరికి పోయాను.